పొలిమేర దాటిన వ్యాధికి కావలి

గుడియాత్తము గంగమ్మ శిరసు పండుగను ఎరుగని తెలుగు కుటుంబము మన వేలూరు సీమయందు ఉండదు. ప్రతి సంవత్సరము అరవవారి వైకాశి మాసపు మొదటి దినమున, అనగా మే నెల నడుమ, అమ్మవారి శిరసును ఊరేగించి, కౌండిన్యానది యొడ్డున గోపాలపురమునందలి ఆలయమునకు తెచ్చి, అచ్చటి మొండెమునకు అమర్చుదురు. దర్శనములు ముగిసిన పిమ్మట ఆ శిరసును మరల తీసివేయుదురు. పరశురాముడు తల్లియైన రేణుక శిరస్సును ఖండించుటయు, ఆమె మరల ప్రాణము పొందుటయు ఆ పండుగకు మూలమైన కథ. ఆ జనసమూహమున అరవము మాటలాడువారెందరో, తెలుగు మాటలాడువారెందరో ఎవరును లెక్కింపరు.

మన పూర్వులకు గంగమ్మయనినను, మారెమ్మయనినను, పోలేరమ్మయనినను ఊరిని కాచు తల్లియే. మశూచిని తెచ్చునదియు ఆ తల్లియే. అందువలన ఆ వ్యాధిని పేరుపెట్టి పిలువక “అమ్మవారు పోసినది” అనెడివారు. గడపకు వేపమండలు కట్టెడివారు. జాతర ముగిసిన తరువాత అమ్మవారిని పొలిమేర దాటించి సాగనంపుట తెలుగు పల్లెల ఆచారము. మా అవ్వ నా చిన్నతనమున ఒక మాట చెప్పుచుండెడిది: “అమ్మను సాగనంపుట ఒక యెత్తు, పిమ్మట పొలిమేర కాచుట ఒక యెత్తు.” ఆ మాటకు అర్థము నాకు ఉద్యోగము చేయు దినములలో తెలిసినది.

ఈ వ్యాసమున నేను వ్రాయదలచినది ఆ రెండవ యెత్తును గూర్చియే. నేను వైద్యుడను కాను. పాఠశాల చివరి పరీక్ష వరకు చదివి, 35 ఏండ్లు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. నాకు తెలిసినవి చిట్టా, నివేదిక, తపాలా. అయినను ఒక మహావ్యాధి మన దేశమును విడిచిపోయిన చరిత్రలో ఆ మూడింటికిని గొప్ప చోటు కలదు. ఆ చరిత్రలో మన వేలూరునకు గల చోటు మన పిల్లలకు తెలియదు. తెలియనందున కలుగు నష్టము చిన్నది కాదు.

మొదట మశూచి మాట. ఈ వ్యాధి పెద్దరూపమున సోకినవారిలో నూటికి సుమారు 30 మంది మరణించెడివారు. బ్రదికినవారికి ముఖమున గుంటలు మిగిలెడివి. కొందరికి చూపు పోయెడిది. ఇంగ్లండున జెన్నరు 1796లో టీకాను కనుగొనగా, మన దేశమున తొలి టీకా 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో ఒక మూడేండ్ల బాలికకు వేసిరి. తరువాత మద్రాసు రాజధానియందంతటను టీకాలవారు తిరుగనారంభించిరి. 19వ శతాబ్ది చివర మద్రాసు చెంత గిండీలో వెలసిన కింగ్ ఇన్‌స్టిట్యూటునుండి టీకామందు తెలుగు జిల్లాలకును, అరవ జిల్లాలకును పోయెడిది. నాడు చిత్తూరు, గుడియాత్తము, వేలూరు అన్నియు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడినది గాని, రెండింటి నడుమ బండ్లును, బంధుత్వములును ఆగలేదు, వ్యాధులును ఆగలేదు.

టీకాలవాడు వీధిలోనికి వచ్చినాడనగానే పిల్లలను మగ్గపు గుంటలలో దాచెడివారని మా అవ్వ చెప్పి నవ్వెడిది. దాచినవారిలో తానును ఒకతెయని ఒప్పుకొనెడిది. ఆమె తమ్ముడొకడు అట్లు దాచిన సంవత్సరముననే మశూచితో పోయెను. ఆ మాట చెప్పునపుడు మాత్రము నవ్వెడిది కాదు.

మద్రాసు తండయారుపేటలోని అంటువ్యాధుల ఆసుపత్రియందు డాక్టరు ఎ. రామచంద్రరావు అను వైద్యుడు మశూచి రోగులను చిరకాలము పరిశీలించి 1972లో ఆ వ్యాధిని గూర్చి ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. మశూచి జనులు భయపడినంత వేగముగా ఊరంతయు అల్లుకొనునది కాదనియు, ఎక్కువగా ఒకే యింటివారికి, దగ్గరగా మెలగువారికి అంటుననియు ఆయన పరిశీలనల వలన తేలెను. ఇది చిన్న సంగతి కాదు. అట్టి వ్యాధిని వెంబడించి పట్టుకొనవచ్చును. రోగి యున్న యింటిని కనుగొని, చుట్టును ఉన్నవారికందరికిని వెంటనే టీకాలు వేసినచో వ్యాధికి పోవు దారి యుండదు. 1967 తరువాత ప్రపంచమంతట ఈ పద్ధతినే అనుసరించిరి. 1974లో బీహారున మశూచి ఘోరముగా చెలరేగినపుడు పనివారు ఇల్లిల్లు వెదకిరి. రోగిని చూపినవారికి ఇచ్చు బహుమతి పెరుగుచు పోయి 1000 రూపాయలకు చేరెను. 1975 మే నెలతో మన దేశమున మశూచి ఆగిపోయెను.

ఇచ్చట పాఠకులు ఒక సంగతి గమనింపవలెను. వ్యాధి 1975లో ఆగినను, “పోయినది” అని 1975లో ఎవరును సంతకము పెట్టలేదు. రెండేండ్లు ఇల్లిల్లు వెదకి, ఒక్క రోగియు లేడని తేలిన పిమ్మట 1977లో అంతర్జాతీయ సంఘము వచ్చి పరీక్షించి ఒప్పుకొనెను. ప్రపంచమంతటికి ఆ మాట 1980 మే 8వ తేదీన ప్రకటింపబడెను. ఆ నడుమ 1978లో ఇంగ్లండున బర్మింగ్‌హాము నగరమున, ఊరిలో ఎచ్చటను లేని మశూచి పరిశోధనశాలనుండి వెలువడి ఒక స్త్రీని బలిగొనెను. లేదనుకొన్న వ్యాధి ఒక సీసాలో ఉండగలదని లోకమునకు అప్పుడు తెలిసెను. నేడు మశూచి క్రిమి అమెరికాలో ఒకటి, రష్యాలో ఒకటి, రెండే చోట్ల తాళమువేసి కాపాడబడుచున్నది.

ఇక మా యింటి సంగతి. మా తండ్రిగారు గుడియాత్తమున లుంగీలు నేసెడివారు. నాకు ఊహ తెలియకముందే, మా అక్కకు మూడేండ్ల ప్రాయమున రెండు దినములు జ్వరము వచ్చెను. మూడవనాడు ఉదయము మంచము దిగబోయి పడిపోయెను. కుడికాలు నిలువలేదు. గంగమ్మకు ముడుపు కట్టిరి. నూనెలు మర్దించిరి. ఎవరో చెప్పగా వెచ్చని ఇసుకలో కాలు పాతి కూర్చుండబెట్టిరి. వేలూరునకు కొనిపోవునప్పటికి చేయగలిగినది మిగులలేదు. ఇనుప కమ్మీల బూటు ఒకటి మిగిలెను. అది శిశుపక్షవాతమనియు, దానికి పోలియో యని పేరనియు అచ్చటనే మావారు మొదట వినిరి.

గుంటమగ్గమున కూర్చున్నవారికి రెండు కాళ్లును కావలెను. తొక్కుడుపలకలు తొక్కనిదే నేత సాగదు. కావున అక్క మగ్గమెక్కలేదు. రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టెను. నా పాఠశాల జీతములలో కొంత ఆ కండెల కూలియే. ఆమెకు నేడు 67 ఏండ్లు. ఈ వ్యాసము వ్రాయుచున్నానని చెప్పగా, “నా సంగతి వ్రాయుము, పేరు వ్రాయకుము” అని చెప్పినది. అట్లే చేయుచున్నాను.

పోలియో ఎట్టిదో క్లుప్తముగా చెప్పవలెను. దాని క్రిమి ప్రేగులలో పెరుగును. మలముతో వెలువడి, కడుగని చేతుల వలనను, కలుషితమైన నీటి వలనను మరియొకరి నోటికి చేరును. సోకినవారిలో చాలమందికి ఏమియు తెలియదు. కొందరికి కొంచెము జ్వరము వచ్చి పోవును. సుమారు 200 మందికి సోకినచో ఒక్కరికి కాలో చేయియో పడిపోవును. మశూచికిని పోలియోకును గల భేదము ఇదియే. మశూచి ముఖముమీదనే కనబడును, పోలియో కనబడదు. ఒక వీధిలో ఒక బిడ్డ కుంటినదనగా, కనబడకుండ ఆ వ్యాధిని మోయుచున్న పిల్లలు అప్పటికే వందలకొలది ఉన్నారని అర్థము. ఈ లెక్కను మనస్సున ఉంచుకొనవలెనని పాఠకులను ప్రార్థించుచున్నాను. దీని అవసరము ముందు వచ్చును.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల చరిత్ర మనకందరకును తెలిసినదే. రాణీపేటలో 1870లో జన్మించిన అమెరికా దేశపు వైద్యురాలు ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచముతో ఆ పనిని ప్రారంభించెను. ఆమె వేలూరునుండి గుడియాత్తము దారిని వారమునకొకమారు బండిలో పోవుచు చెట్లక్రింద రోగులను చూచెడిది. ఆ ఆసుపత్రియందు వైరస్ వ్యాధుల శాఖను నెలకొల్పిన డాక్టరు టి. జేకబ్ జాన్ మన ప్రాంతపు పిల్లలలో ఒక విచిత్రమును కనుగొనెను. చలి దేశములలో పోలియో చుక్కలు మూడుమారులు వేసినచో దాదాపు పిల్లలందరికిని రక్షణ కలుగుచుండెను. వేలూరు పిల్లలకు అదే మందు, అదే మూడుమారులు వేసినను పలువురికి రక్షణ కలుగలేదు. ఈ సంగతిని ఆయన తన సహచరులతో కలిసి 1972లో ప్రకటించెను. మందు చెడిపోయినదేమో యని సందేహించినవారు కలరు, మందు చెడలేదు. ఉష్ణదేశపు పిల్లల ప్రేగులలో ఆ టీకా అంత సులభముగా నాటుకొనదని తేలెను. కావున ఎక్కువమారులు వేయవలెను.

ఎక్కువమారులు వేయుటయే కాదు, ఎట్లు వేయవలెను అనునది రెండవ ప్రశ్న. ఏడాది పొడవునను ఒక్కొక్క బిడ్డకు వేయుటకు బదులు, ఊరిలోని పసిపిల్లలందరికిని కొలది దినములలో ఒక్కసారిగ వేసి, కొంత విరామము తరువాత మరల అట్లే వేసినచో, ఊరంతటను టీకా క్రిమియే నిండి అసలు వ్యాధిక్రిమికి చోటు దొరకదు. క్యూబా దేశము 1962లోను, బ్రెజిల్ 1980లోను దేశమంతట ఒక్కమారుగ చుక్కలు వేసినవి. వేలూరు పట్టణమున ఈ పద్ధతిని నడపి పోలియోను అదుపున పెట్టిన వృత్తాంతమును జేకబ్ జాన్, ఆయన సహచరులు 1983లో బ్రిటిష్ వైద్య పత్రికలో వ్రాసిరి. నాడి ఆగి ఆగి కొట్టుకొనునట్లు విరామములతో వేయుట గనుక దానికి “పల్స్” అను మాటను వాడిరి. ఆ మాట ఆ వ్యాసపు శీర్షికలోనే వేలూరు పేరుతోపాటు అచ్చయినది. పల్స్ పోలియో యను పేరును దేశమంతయు వినుటకు 12 ఏండ్లు ముందే అది మన ఊరి పేరుతో ముడిపడినదని మన పిల్లలు ఎరుగవలెను.

ఇప్పుడు నాబోటి గుమాస్తాకు ప్రీతికరమైన భాగమునకు వచ్చుచున్నాను. మందు వేసినంతమాత్రమున చాలదు. వ్యాధి ఎచ్చట తల యెత్తుచున్నదో ఎప్పటికప్పుడు తెలియవలెను. ఉత్తర ఆర్కాటు జిల్లాకై ఆ వైద్యులు ఒక ఏర్పాటు చేసిరి. ప్రభుత్వ వైద్యులును, సొంతముగా వైద్యము చేసికొను వైద్యులును తమ యొద్దకు ముఖ్యమైన అంటువ్యాధులతో రోగులు వచ్చినచో, ముందే అచ్చువేసి యిచ్చిన తపాలా కార్డును నింపి పంపుదురు. వచ్చిన కార్డులనుబట్టి నెలనెలకు ఒక చిన్న పత్రికను అచ్చువేసి వైద్యులందరికిని మరల పంపుదురు. ఈ ఏర్పాటు ఆంగ్ల నామమునందలి తొలి యక్షరములను కూర్చినచో మన “నది” అను మాటవలె వినబడును. 1998లో దీని వృత్తాంతమును “లాన్సెట్” అను ప్రసిద్ధ వైద్య పత్రిక ప్రకటించెను. బీద దేశములకు ఇది మాదిరియని ఆ వ్యాసమున చెప్పబడినది.

ఆలోచింపుడు. గొప్ప యంత్రము లేదు, పెద్ద ధనము లేదు. ఒక తపాలా కార్డు, దానిని నింపు చేయి, దానిని చదువు కన్ను. కార్డు పంపినవానికి ఆ కార్డు ఏమైనదో నెల తిరుగునప్పటికి తెలియజేయుటయే అందులోని కిటుకు. ప్రత్యుత్తరము రాని కాగితమును రెండవమారు ఎవరును శ్రద్ధతో నింపరు. ఇది నా అనుభవము.

నా అనుభవమునందలి తప్పును ఒకదానిని ఇచ్చట ఒప్పుకొనవలెను. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక కార్యాలయమున నెలవారి నివేదిక వ్రాయు పని నాకు అప్పగించిరి. అందు “అంటువ్యాధులు” అని ఒక గడి యుండెడిది. అందు “నిల్” అని వ్రాయుట ఆచారము. గత నెలలో నిల్, అంతకు ముందు నెలలోను నిల్. నేనును నిల్ అని వ్రాసితిని. ఎవరిని అడుగలేదు. ఆ నెల ఒక వీధిలో మురుగు త్రాగునీటి గొట్టములోనికి చేరి, పదిమందికి పైగా పిల్లలు కామెర్లతో పడియుండిరి. నా నిల్ పైకి పోయిన వారమునకు ఆ సంగతి బయటపడెను. పై అధికారి నన్ను కోపపడలేదు. కాగితమును నా ముందుంచి ఒక్క ప్రశ్న అడిగెను: “ఇది చూచి వ్రాసిన నిల్లా, చూడక వ్రాసిన నిల్లా?” నేను తల వంచుకొంటిని. అటుపిమ్మట 30 ఏండ్లకు పైగా ఎన్నియో నిల్ నివేదికలు వ్రాసితిని గాని, ఆ ప్రశ్న చెవిని పడక ఒక్కటియు వ్రాయలేదు.

రెండు సున్నలును కాగితముమీద ఒకే విధముగా కనబడును. మొదటిది కావలివాని మాట. రెండవది నిద్రపోవువాని మౌనము. పోలియో చరిత్రయంతయు ఈ రెండింటి భేదముమీదనే నిలిచియున్నది.

1988లో ప్రపంచ ఆరోగ్యసభ పోలియోను నిర్మూలింపవలెనని తీర్మానించునాటికి 125 దేశములలో ఏటేట మూడున్నర లక్షలమంది పిల్లలు అవిటివారగుచుండిరి. మన దేశమున 1995 డిసెంబరు 9వ తేదీన మొదటిసారిగా దేశమంతట పల్స్ పోలియో దినము జరిగెను. ఎనిమిది కోట్లకు పైగా పిల్లలకు చుక్కలు వేసిరి. గుడియాత్తమున ఒక కేంద్రమున నాకు చిట్టా వ్రాయు పని పడెను. ఉదయమున జనము వచ్చిరి గాని, బీడీలు చుట్టు ఒక వీధినుండి తల్లులు రాలేదు. ఏవేవో వదంతులు. మా అక్క నన్ను చూడవచ్చి ఆ సంగతి విని, కమ్మీల బూటుతో ఆ వీధికి నడచెను. ఒక తల్లి, “అక్కా, నీకు ఈ మందు వేయలేదా?” అని అడిగెనట. “నా కాలమున ఇది మన వీధికి రాలేదు. నీ కాలమున నీ గడపకు వచ్చినది” అని మా అక్క చెప్పెను. సాయంకాలమునకు ఆ వీధివారు వచ్చిరి.

తరువాతి సంవత్సరములలో పనివారు ఇండ్లకే పోవుట మొదలయ్యెను. బిడ్డ ఎడమచేతి చిటికెన వ్రేలికి సిరా గుర్తు. పిల్లలందరికి చుక్కలు పడిన యింటి గోడపై సుద్దతో “పి” అను ఆంగ్లాక్షరము, పడనియింటిపై కొట్టివేత గుర్తు. కొట్టివేత గుర్తు గల యిండ్లకే మరల మరల పోవుదురు. నూటికి 95 ఇండ్లు ముగించితిమని సంతోషించుట కాదు, మిగిలిన ఐదు ఎచ్చట ఉన్నవో తెలిసికొనుట ఆ పనియందలి సారము. 1997నుండి దేశమంతట మరియొక ఏర్పాటును జరిగెను. పదునైదేండ్లలోపు పిల్లలలో ఎవరికైనను అకస్మాత్తుగా కాలో చేయియో మెత్తబడినచో, కారణమేదైనను, వెంటనే తెలియజేయవలెను. ఆ బిడ్డ మలమును రెండుమారులు సేకరించి, చల్లని పెట్టెలో పరీక్షశాలకు పంపవలెను. మన ప్రాంతపు నమూనాలు పోవు గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూటు నాడు మశూచి టీకాకు ప్రసిద్ధి కెక్కినదే. రోగులు లేని వారమునను ఆసుపత్రులు “సున్న” అని వ్రాసి పంపవలెను. పంపకున్నచో అది సున్న క్రింద లెక్కకు రాదు.

2009లో మన దేశమున 741 మంది పిల్లలకు పోలియో వచ్చెను. 2010లో 42 మంది. 2011 జనవరి 13వ తేదీన పశ్చిమ వంగమున హౌరా జిల్లాలో ఒక్క బాలిక, ఆమెయే చివరిది. మూడేండ్లు సున్నలు వ్రాసి, వెదకి, పరీక్షించిన పిమ్మట 2014 మార్చి 27వ తేదీన మన దేశము పోలియో లేని దేశమని ధ్రువపత్రము వచ్చెను. ఆ వార్తను చదివి వినిపించినపుడు మా అక్క కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “ఇక కాచువారు నిద్రపోవుదురేమో చూడు” అనెను.

ఆమె భయము వ్యర్థము కాలేదు. దానికి దృష్టాంతము మన తెలుగునాటనే జరిగెను. పోలియో క్రిమి మూడు జాతులు. రెండవ జాతి 1999 తరువాత లోకమున ఎచ్చటను సహజముగా కనబడలేదు. 2015లో అది నిర్మూలమైనదని ప్రకటించిరి. కావున మన దేశమున 2016 ఏప్రిల్ 25వ తేదీన చుక్కల మందునుండి ఆ జాతిని తొలగించిరి. అదే సంవత్సరము హైదరాబాదులో అంబరుపేట మురుగునీటిని పరీక్షింపగా ఆ రెండవ జాతి క్రిమియే కనబడెను. ఒక్క బిడ్డయైనను కుంటలేదు. అయినను కావలివారు ఊరకుండలేదు. జూన్ 20 మొదలు 26 వరకు హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో సుమారు మూడు లక్షలమంది పిల్లలకు సూదిమందు స్వల్ప మోతాదులో చర్మములోనికి వేసిరి. వ్యాధి తల యెత్తలేదు. ముందు చెప్పిన 200 లెక్కను ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. బిడ్డ కుంటువరకు వేచియున్నచో అప్పటికే కాలము మించిపోయి యుండెడిది. మురుగుకాలువయే ఆ పర్యాయము తపాలా కార్డు వ్రాసినది.

ఆ క్రిమి ఎచ్చటనుండి వచ్చినది? చుక్కల మందులో ఉన్నది బలము తగ్గించిన సజీవ క్రిమి. పిల్లలందరికిని టీకా పడిన ఊరిలో అది కొలది వారములలో నశించును. టీకా పడని పిల్లలు చాలమంది ఉన్న చోట అది ఒకరినుండి ఒకరికి నెలలకొలది పాకుచు, మరల బలము పుంజుకొనవచ్చును. ఈ సంగతి విని కొందరు, “అట్లయిన టీకాయే మానుద”మందురు. అది తలక్రిందుల తర్కము. టీకా వేయని యిండ్లే ఆ క్రిమికి మెట్లు. అందరును వేసికొన్న ఊరిలో దానికి నిలువనీడ లేదు. పైగా సూదిమందులో సజీవ క్రిమి లేదు; అందుచేతనే 2015 చివరనుండి చుక్కలతోపాటు సూదిమందును మన టీకాల పట్టికలో చేర్చిరి. 2023నుండి తొమ్మిదవ నెలలో మూడవ మోతాదును ఇచ్చుచున్నారు.

విదేశముల వార్తలును ఇట్లే ఉన్నవి. 2022లో లండను మురుగునీట పోలియో క్రిమి కనబడెను. ఆ యేడే అమెరికాలో న్యూయార్కు నగరము చెంత టీకా లేని ఒక యువకునికి కాళ్లు పడిపోయెను. 2024లో యుద్ధమున మురుగుకాలువలు కూలిన గాజాలో 25 ఏండ్ల తరువాత ఒక పసిబిడ్డకు ఆ వ్యాధి వచ్చెను. సహజమైన మొదటి జాతి పాకిస్తానము, ఆఫ్గనిస్తానములనుండి నేటికిని తొలగలేదు. మన కుటుంబములనుండి దుబాయికి, లండనుకు, అమెరికాకు పోని యిల్లు వేలూరున ఎన్ని? పొలిమేర యనగా నేడు కౌండిన్యానది యొడ్డు మాత్రమే కాదు, విమానాశ్రయము కూడ.

గత సంవత్సరము మా యింటనే ఒక సంగతి జరిగినది. నా మనుమనికి తొమ్మిదవ నెల టీకా వేయలేదు. కోడలు పురిటికి పుట్టింటికి పలమనేరు పోయెను. కార్డు అచ్చట ఉండిపోయెను. అచ్చటివారు గుడియాత్తమున వేయింతురనుకొనిరి, ఇచ్చటివారు పలమనేరున వేయించి యుందురనుకొనిరి. ఆశా కార్యకర్త యింటికి వచ్చి అడుగగా, “అన్నియు వేయించితిమి” అని నేనే బదులు చెప్పితిని. లోపలనుండి మా అక్క, “చూచి చెప్పుచున్నావా?” అని అడిగెను. పూర్వము ఒక అధికారి నన్ను అడిగిన ప్రశ్నయే అది. కార్డు తెప్పించి చూడగా రెండు గడులు ఖాళీ. మరునాడే వేయించితిమి. నిర్లక్ష్యము చేయువారు ఎవరో పరులు కారు. వ్యాధిని కన్నులార చూచిన యింటిలోనే, నివేదికలు వ్రాసి తల నెరసినవాడే చూడక నిల్ చెప్పెను.

రెండు రాష్ట్రముల నడుమ బ్రదుకు మనవంటి కుటుంబములకు ఈ ప్రమాదము అధికము. పురుడు ఒకచోట, పెంపకము ఒకచోట, ఉద్యోగము మరియొకచోట. బిడ్డ ఏ చిట్టాలోను లేకుండ జారిపోవుట సులభము. కావున సోదర సోదరీమణులకు నా విన్నపము ఇది. బిడ్డతోపాటు టీకా కార్డును ప్రయాణము చేయింపుడు. ఏ బిడ్డకైనను కాలు చేయి అకస్మాత్తుగా మెత్తబడినచో నూనెలతో దినములు గడుపక ఆసుపత్రికి కొనిపోవుడు. అది పోలియో కాకపోవచ్చును, కాదని తేల్చుటయు కావలియే. ఇంటికి వచ్చి అడుగు ఆ అమ్మాయికి కార్డు చూచిన పిమ్మటనే బదులు చెప్పుడు.

గంగమ్మ శిరసు మే నెలలో మరల ఊరేగును. మా అక్క ఇప్పటికిని వీధి అరుగుపై కూర్చుండి దండము పెట్టును. ఆ జనసమూహమున తండ్రుల భుజములపై ఎక్కిన పసిపిల్లల కాళ్లను ఆమె చూచుచుండును. కుంటికాలు ఒక్కటియు కనబడకున్నచో, “ఈ యేడును సున్నయే” అని నాతో చెప్పును. అది ఆమె చూచి చెప్పిన సున్న.